పైలట్‌గా ఏ ఏవియేషన్ మ్యాగజైన్‌కి చందా కట్టాలి, ఏది వదిలేయొచ్చు

లైసెన్స్ చేతికొచ్చిన మొదటి ఏడాది నేను నాలుగు మ్యాగజైన్లకి ఒకేసారి చందా కట్టేశాను, ప్రతి అట్ట మీదా మెరిసిపోయే విమానం, లోపల బిజినెస్ జెట్ల గురించి పాత యుద్ధ విమానాల గురించి డయల్స్ బదులు స్క్రీన్లుండే కొత్త గ్లాస్ కాక్‌పిట్ల గురించి పేజీలకి పేజీలు, ఇవన్నీ చదివితే మంచి పైలట్‌ని అయిపోతానని గట్టి నమ్మకం. ఏడాది తిరిగేసరికి మూడింటి సంచికలు కవర్ కూడా చింపకుండా అలాగే ఉండిపోయాయి, నాలుగోది మాత్రం పేజీల మూలలు మడిచి, పెన్నుతో గీతలు గీసి నలిగిపోయింది. అది చూడ్డానికి అన్నిట్లోకీ సాదాగా ఉండేది, ఫోటోలు తక్కువ, కాగితం పల్చన, కానీ ప్రతి నెలా ఏదో ఒకటి నా ఫ్లయింగ్‌లో మార్చేది. అప్పట్నుంచి నేను ఏ మ్యాగజైన్‌కైనా ఒకటే పరీక్ష పెడుతున్నాను, ఈ సంచిక చదివాక తర్వాత ఫ్లైట్‌లో నేను చేసే పని ఏదైనా మారిందా లేదా. మారితే చందా, మారకపోతే ఎంత బాగున్నా దాన్ని అప్పుడప్పుడూ కొనుక్కుని చదువుకోవచ్చు, ఏడాదికి కట్టక్కర్లేదు.

మారడం అంటే ఏంటో ఒక ఉదాహరణ చెప్తాను. ఆ నలిగిన మ్యాగజైన్‌లోనే ఒకసారి టేకాఫ్‌లో తలుపు తెరుచుకుపోవడం గురించి చదివాను. చిన్న విమానాల్లో తలుపు సరిగ్గా పడకపోతే గాల్లోకి లేవగానే కొన్ని అంగుళాలు తెరుచుకుని అలాగే ఉంటుంది, గాలి చప్పుడు విపరీతంగా వస్తుంది, చార్ట్‌లు ఎగిరిపోతాయి, కానీ చాలా చిన్న విమానాలు ఆ స్థితిలో మామూలుగానే ఎగురుతాయి. ప్రమాదం తలుపు వల్ల కాదు, దాన్ని మూయడానికి పైలట్ పక్కకి వంగినప్పుడు స్పీడ్ పడిపోయి స్టాల్ అవ్వడం, అంటే రెక్కలు విమానాన్ని మోయలేకపోవడం వల్ల వస్తుంది అని రాసి, ముందు విమానం నడపండి, సర్క్యూట్, అంటే రన్‌వే చుట్టూ తిరిగే చుట్టు, పూర్తి చేసి దిగి అప్పుడు మూయండి అని చెప్పారు. కొన్ని నెలల తర్వాత నాకు సరిగ్గా అదే జరిగింది, పైన గొళ్ళెం వేయడం మర్చిపోయాను, మూడొందల అడుగుల్లో తలుపు తెరుచుకుంది, నా చెయ్యి దానంతట అదే అటు వెళ్ళబోయింది, అప్పుడు ఆ పేజీ గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుని స్పీడ్ చూసుకున్నాను. ఆ ఒక్క వ్యాసానికి నేను పదేళ్ళ చందా కట్టినా తక్కువే అనిపించింది.

సరే, ఎంచుకోవడం ఎలా మొదలుపెట్టాలి అంటే ముందు మ్యాగజైన్లు చూడకండి, మీ లాగ్‌బుక్ తీయండి. పోయిన ఏడాది ఏం ఎగిరారు, వచ్చే పన్నెండు నెలల్లో ఏం ఎగరబోతున్నారు, అది చూస్కోండి. ఎప్పుడో ఒకరోజు టర్బోప్రాప్, అంటే టర్బైన్ ఇంజన్‌తో ప్రొపెల్లర్ తిరిగే విమానం, నడుపుతాం కదా అని ఇప్పుడే టర్బోప్రాప్ మ్యాగజైన్‌కి కడితే ఆ రోజు వచ్చేసరికి పాత సంచికల్లో ఉన్న ఏవియానిక్స్, అంటే విమానం ఎలక్ట్రానిక్స్ సమాచారం అంతా మారిపోయి ఉంటుంది. వచ్చే ఏడాది ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, అంటే బయట కనపడకపోయినా పరికరాలు చూసి ఎగిరే అర్హత, చేస్తున్నారా, అయితే హోల్డ్‌లు (గాల్లోనే చుట్లు తిరుగుతూ ఆగడం), అప్రోచ్ ప్లేట్లు (దిగే దారి చూపే చార్ట్‌లు), రేడియో పోయినప్పుడు ఏం చేయాలి, అనుకున్న చోట దిగలేకపోతే వెళ్ళే ఆల్టర్నేట్ ఎలా ఎంచుకోవాలి ఇలాంటివాటి మీదే రాసే ఐఎఫ్ఆర్ (పరికరాలు చూసి ఎగిరే రూల్స్‌కి పొట్టిపేరు) లాంటి మ్యాగజైన్ మీకు ప్రతి పేజీ పనికొస్తుంది, అదే మ్యాగజైన్ ఎండ రోజుల్లో మాత్రమే, బయటికి చూస్తూ ఎగిరే వీఎఫ్ఆర్ పైలట్‌కి మూడో సంచికకే బోర్ కొట్టేస్తుంది. గ్యారేజీలో సొంతంగా విమానం కట్టుకుంటున్నవాళ్ళకి 1984లో మొదలైన కిట్‌ప్లేన్స్ ఉంది, దాంట్లో రివెట్లు, ఫైబర్‌గ్లాస్, వైరింగ్, ఇంజన్ మౌంట్లు, కట్టిన విమానాన్ని మొదటిసారి గాల్లోకి లేపేటప్పుడు టెస్ట్ ఫ్లయింగ్ ఎలా చేయాలి ఇవన్నీ వస్తాయి. గ్లైడర్ పైలట్లకి అమెరికా సోరింగ్ సొసైటీ వేసే సోరింగ్, బ్రిటిష్ గ్లైడింగ్ సంఘం వేసే సెయిల్‌ప్లేన్ అండ్ గ్లైడింగ్, నీళ్ళ మీద దిగే విమానాలు నడిపేవాళ్ళకి సీప్లేన్ పైలట్స్ అసోసియేషన్ వాళ్ళ వాటర్ ఫ్లయింగ్. ఎయిర్‌లైన్ ఉద్యోగం వైపు వెళ్తున్నవాళ్ళకి పరిశ్రమ ఎటు పోతోందో తెలియడం ముఖ్యం, ఎవరు ఎన్ని విమానాలు ఆర్డర్ చేశారు, ఏ ఇంజన్‌తో సమస్య వచ్చింది లాంటివి, దానికి 1909లో ఫ్లైట్ అన్న పేరుతో మొదలైన ఫ్లైట్ ఇంటర్నేషనల్, 1916 నుంచి వస్తున్న ఏవియేషన్ వీక్ ఉన్నాయి, కానీ అవి చదివితే మీ క్రాస్‌విండ్ ల్యాండింగ్, అంటే పక్క గాలిలో దిగడం, ఏమీ మెరుగుపడదు, అవి వేరే అవసరం. ఇంటర్వ్యూకి వెళ్ళే ముందు మూడు నాలుగు నెలలు చదివితే చాలా పనికొస్తాయి, వారాంతం ఫ్లయర్‌కి అయితే నేను చెప్పను.

మామూలు పైలట్ల కోసం అన్నీ కలిపి వేసేవాటిలో ఫ్లయింగ్ అందరికీ తెలిసిందే, 1927లో పాపులర్ ఏవియేషన్ పేరుతో మొదలైంది. దాంట్లో పైలట్లు తమ తప్పుల్ని తామే రాసుకునే శీర్షిక 1939 నుంచి వస్తోంది, నేను ఏ సంచిక దొరికినా ముందు అక్కడికే వెళ్తాను. బ్రిటన్‌లో పైలట్, ఫ్లయర్ అని రెండు ఉన్నాయి, అక్కడి చిన్న ఎయిర్‌ఫీల్డ్‌లు, అక్కడి వాతావరణం గురించి బాగా రాస్తారు.

డబ్బు పెట్టే ముందు ఇంకో మాట, ఉచితంగా వచ్చేవాటిని ముందు చదవండి. చాలామంది ఫ్రీ కదా, ఏముంటుందిలే అనుకుంటారు, నిజానికి సేఫ్టీ విషయంలో డబ్బు పెట్టి కొనేవాటికంటే ఇవే ఎక్కువ నేర్పాయి నాకు. అమెరికాలో నాసా నడిపే ఏవియేషన్ సేఫ్టీ రిపోర్టింగ్ సిస్టమ్ 1976లో మొదలైంది, పైలట్లు, కంట్రోలర్లు, మెకానిక్‌లు తమకి జరిగింది తామే రాసి పంపిస్తారు, పేర్లు తీసేసి వాటిలో కొన్నిటిని కాల్‌బ్యాక్ అని ప్రతి నెలా వేస్తారు, 1979 నుంచి. ఒక్కో నెల ఒక్కో విషయం, చదవడానికి పది నిమిషాలు పట్టదు, ఈమెయిల్‌కే వస్తుంది. రాసినవాళ్ళు ఎవరో తెలియదు కాబట్టి దాచుకోకుండా రాస్తారు, ఆ నిజాయితీ వేరే చోట దొరకడం కష్టం. బ్రిటన్‌లో 1982లో మొదలైన చిర్ప్ కూడా అలాంటిదే, వాళ్ళు రిపోర్ట్ కింద నిపుణుల వ్యాఖ్య కూడా వేస్తారు, నాకైతే ఆ వ్యాఖ్యలే ఎక్కువ ఇష్టం. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ వాళ్ళ సేఫ్టీ బ్రీఫింగ్, ఆస్ట్రేలియా సివిల్ ఏవియేషన్ వాళ్ళ ఫ్లైట్ సేఫ్టీ ఆస్ట్రేలియా చిన్న విమానాలవాళ్ళకి చాలా బాగుంటాయి. ఎయిర్‌బస్ నడిపేవాళ్ళు, నడపబోయేవాళ్ళు ఆ కంపెనీ ఉచితంగా ఇచ్చే సేఫ్టీ ఫస్ట్ వదలకండి, ల్యాండింగ్‌లో తోక తగలడం, నమ్మలేని స్పీడ్ రీడింగ్‌లు ఇలాంటివి తయారుచేసినవాళ్ళే బొమ్మలేసి వివరిస్తారు. మూడు నెలలు ఇవి చదివాక కూడా ఇంకా ఏదో కావాలి అనిపిస్తే ఆ ఏదో ఏంటో మీకే స్పష్టంగా తెలుస్తుంది, అప్పుడు దాని కోసం చందా కట్టండి.

ఇప్పుడు అసలు పని, ఒక మ్యాగజైన్ మంచిదా కాదా అని పరీక్షించడం. ఒక్క సంచిక చూసి తేల్చేయకండి, ఏడాదికోసారి అన్నీ బాగా కుదిరిన సంచిక ఎవరికైనా వస్తుంది, అందుకే వరసగా మూడు పాత సంచికలు సంపాదించండి, ఫ్లయింగ్ క్లబ్బులో పాతవి పడుంటాయి, లైబ్రరీలో ఉంటాయి, లిబ్బీ లాంటి యాప్‌లో లైబ్రరీ కార్డుతోనే చాలా మ్యాగజైన్లు చదవొచ్చు. వాటిలో మీకు బాగా తెలిసిన విషయం మీద రాసిన వ్యాసం ముందు చదవండి. తెలియని విషయం చదివితే అన్నీ గొప్పగానే అనిపిస్తాయి, తెలిసిన విషయంలోనే రాసినవాళ్ళ లోతు బయటపడుతుంది.

నేను వాడే కొలత డెన్సిటీ ఆల్టిట్యూడ్, అంటే వేడికి పల్చబడిన గాలిలో విమానం ఎంత ఎత్తులో ఉన్నట్టు పనిచేస్తుందో చెప్పే అంకె. ప్రతి మ్యాగజైన్ ఎండాకాలంలో దీని మీద ఒక వ్యాసం వేస్తుంది. ఎండలో విమానం సరిగ్గా లేవదు, జాగ్రత్త అని రెండు పేజీలు రాస్తే అది నాకు అక్కర్లేదు, ఆ మాట సోలో చేయని స్టూడెంట్‌కి కూడా తెలుసు. మంచి వ్యాసం లెక్క చేసి చూపిస్తుంది. ప్రెజర్ ఆల్టిట్యూడ్, అంటే గాలి పీడనాన్ని బట్టి చూసిన ఎత్తు, 5,000 అడుగులు ఉన్న ఎయిర్‌ఫీల్డ్, అక్కడ స్టాండర్డ్ వాతావరణం లెక్క ప్రకారం ఉండాల్సింది సుమారు 5 డిగ్రీల సెల్సియస్, బయట 30 ఉంది, తేడా 25, డిగ్రీకి సుమారు 120 అడుగుల చొప్పున 3,000, అంటే మీ ఇంజను, రెక్క, ప్రొపెల్లర్ మూడూ 8,000 అడుగుల్లో ఉన్నట్టే పనిచేస్తాయి. అక్కడితో ఆగకుండా, అలాంటప్పుడు మీ విమానం మాన్యువల్‌లో టేకాఫ్ టేబుల్ ఎలా చూడాలి, మిక్స్చర్ ఎప్పుడు లీన్ చేయాలి, అంటే గాలిలో కలిసే ఇంధనం ఎప్పుడు తగ్గించాలి, సగం రన్‌వే అయ్యేసరికి లిఫ్టాఫ్ స్పీడ్‌లో 70 శాతం రాకపోతే పవర్ తీసేసి ఆగిపోవాలి అన్న పాత కొండగుర్తు ఎందుకు పనికొస్తుంది, మీటర్ చూపే ఇండికేటెడ్ స్పీడ్ మామూలుగానే ఉన్నా నేల మీద పరుగు ఎందుకు పెరుగుతుంది, ఇవన్నీ చెప్తే అప్పుడు ఆ వ్యాసం చదివి వెంటనే నా విమానం టేబుల్ తీసి చూడబుద్ధేస్తుంది. ఆ బుద్ధి పుట్టించేదే మంచి రాత.

కార్బురేటర్ ఐసింగ్, అంటే ఇంజన్‌కి గాలీ ఇంధనం కలిపి పంపే భాగంలో మంచు కట్టడం, దాని మీద వ్యాసాన్ని కూడా ఇలాగే చూడొచ్చు. చలి రోజుల్లోనే వస్తుంది అని రాస్తే పక్కన పెట్టేయండి, గాల్లో తేమ ఉంటే 20 డిగ్రీలు దాటిన రోజు కూడా రావొచ్చు. బ్లేడ్ కోణం మారని ఫిక్స్‌డ్ పిచ్ ప్రొపెల్లర్ ఉన్న విమానంలో ఆర్పీఎం మెల్లగా పడిపోవడం మొదటి గుర్తు, వేడి గాలి పంపే కార్బ్ హీట్ పూర్తిగా లాగాక మంచు కరిగి ఆ నీళ్ళు ఇంజన్‌లోకి పోతున్నప్పుడు కాసేపు ఇంజన్ ఇంకా కొట్టుకుంటుంది, చాలామంది అక్కడే భయపడి మళ్ళీ లోపలికి తోసేస్తారు, అలా తోయకండి అని చెప్పే వ్యాసం రాసినవాళ్ళకి నిజంగా తెలుసు అన్నమాట.

ప్రమాదాల గురించి రాసే పేజీలు తప్పకుండా చూడండి, మ్యాగజైన్ గుణం అక్కడ తెలుస్తుంది. పైలట్ తప్పు చేశాడు, చనిపోయాడు అని తీర్పు చెప్పి వదిలేసేవి ఉంటాయి, అవి చదివితే నేనైతే అలా చేయను అన్న తప్పుడు ధైర్యం తప్ప ఏమీ రాదు. దర్యాప్తు నివేదిక పూర్తిగా చదివి, ఆ రోజు ఆ పైలట్‌కి ముందున్న సమాచారం ఏంటి, వాతావరణం ఎలా చూశాడు, ఎక్కడ వెనక్కి తిరిగే అవకాశం ఉంది, ఎందుకు తిరగలేదు అని ఒక్కో మెట్టూ చెప్పేవాళ్ళు వేరు. మేఘాల కిందకి దూరి దూరి వెళ్ళి కొండకి తగిలిన వీఎఫ్ఆర్ పైలట్ కథలో నాకు కావాల్సింది చివరి నిమిషం కాదు, గంట ముందు నేల మీద తీసుకున్న నిర్ణయం.

యాడ్‌ల సంగతి. విమానాలు, హెడ్‌సెట్లు, ఏవియానిక్స్ అమ్మే కంపెనీల యాడ్‌లతోనే చాలా మ్యాగజైన్లు నడుస్తాయి, దాంట్లో తప్పేమీ లేదు, కానీ రివ్యూలు చదివేటప్పుడు గుర్తుంచుకోండి. మూడు సంచికల్లో ఉన్న రివ్యూలన్నీ తీసి ఎక్కడైనా ఇది కొనకండి అని గానీ, దీంట్లో ఫలానా లోపం ఉంది అని గానీ రాశారా చూడండి. ఒక్కటీ లేకపోతే ఆ మ్యాగజైన్ రివ్యూల కోసం డబ్బు పెట్టొద్దు. విమానం రివ్యూలో ట్యాంకులు నింపాక ఇంకా ఎంత బరువు ఎక్కించొచ్చు అన్న అంకె ఉందా చూడండి, నాలుగు సీట్ల విమానంలో ఫుల్ ట్యాంకులతో నలుగురు పెద్దవాళ్ళు కూర్చోలేని సందర్భాలు చాలా ఎక్కువ, ఆ మాట చెప్పకుండా లెదర్ సీట్ల గురించి రెండు పేజీలు రాస్తే అది రివ్యూ కాదు. హెడ్‌సెట్ రివ్యూ అయితే మూడు నాలుగు గంటలు పెట్టుకున్నాక తల నొప్పి పుట్టిందా, కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళకి సీల్ సరిగ్గా పడిందా రాయాలి. ఈ విషయంలో ఏవియేషన్ కన్స్యూమర్ యాడ్‌లు తీసుకోకుండా నడిచి పేరు తెచ్చుకుంది, ఏదైనా పెద్ద వస్తువు, అంటే ఆటోపైలట్, ఇంజన్ మానిటర్ లేదా ఏకంగా వాడిన విమానమే కొనబోయేముందు అలాంటివాటి పాత సంచికలు వెతికి చదవడం వల్ల ఎంత డబ్బు మిగులుతుందో చెప్పలేను. కొనే ఉద్దేశం లేనప్పుడు మాత్రం అదే మ్యాగజైన్ కోరికలు పుట్టిస్తుంది అంతే.

ఇంకోటి చాలామంది పట్టించుకోరు, ఏ దేశం మ్యాగజైన్ అన్నది. పెద్ద మ్యాగజైన్లలో చాలావరకు అమెరికావి, అక్కడి పద్ధతులే రాస్తారు. ఎత్తు చూపే ఆల్టిమీటర్ స్టాండర్డ్ సెట్టింగ్ 29.92 ఇంచులు అని వాళ్ళు రాసింది మీరు 1013 హెక్టోపాస్కల్స్ అని చదువుకోవాలి, విజిబిలిటీ మైళ్ళలో ఉంటుంది, ట్రాన్సిషన్ ఆల్టిట్యూడ్, అంటే ఆల్టిమీటర్‌ని ఆ స్టాండర్డ్ అంకెకి మార్చే ఎత్తు, అక్కడ 18,000 అడుగులు, చాలా దేశాల్లో దానికంటే బాగా తక్కువ. ఐఎఫ్ఆర్ కరెన్సీకి, అంటే పరికరాలు చూసి ఎగిరే అర్హత నిలుపుకోవడానికి, ఆరు నెలల్లో ఆరు అప్రోచ్‌లు అన్నది అక్కడి రూల్, మీ దేశంలో లెక్క వేరే ఉండొచ్చు. టవర్ లేని ఎయిర్‌ఫీల్డ్‌లో రేడియోలో ఎలా మాట్లాడాలి అన్నది కూడా దేశాన్ని బట్టి మారుతుంది. అందుకే విమానం నడిపే నైపుణ్యం, వాతావరణం, ఇంజన్, మనిషి మనసు ఎలా పొరబడుతుంది ఇవి ఎక్కడి మ్యాగజైన్లో చదివినా పర్లేదు, రూల్స్, ఎయిర్‌స్పేస్, రేడియో మాత్రం మీ దేశం అధికారిక పబ్లికేషన్లలోనే చూస్కోండి. సంచికలో సగం పేజీలు రూల్స్ గురించే ఉండి అవి మీ దేశానివి కాకపోతే ఆ చందాలో సగం వృథా. ఎయిర్‌స్పేస్, ప్రొసీజర్ల సమాచారం 28 రోజులకోసారి మారుతుంటుంది, ప్రింట్ మ్యాగజైన్ వారాల ముందే తయారైపోతుంది, కాబట్టి అందులో వేసిన ప్లేట్ నేర్చుకోవడానికే, ఎగరడానికి కాదు.

సభ్యత్వంతో కలిపి వచ్చే మ్యాగజైన్ల గురించి వేరుగా ఆలోచించాలి. అమెరికా పైలట్ల సంఘం ఏఓపీఏ సభ్యులకి ఏఓపీఏ పైలట్ వస్తుంది, ట్రైనింగ్‌లో ఉన్నవాళ్ళ కోసం ఫ్లైట్ ట్రైనింగ్ అని ఇంకోటి వేస్తారు. 1953లో మొదలైన, సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ళ సంఘం ఈఏఏ సభ్యులకి స్పోర్ట్ ఏవియేషన్. ఇక్కడ మీరు కట్టేది ఒక్క మ్యాగజైన్‌కి కాదు, దాంతోపాటు వెబినార్లు, సలహా ఇచ్చే మనుషులు, స్థానిక చాప్టర్లు కూడా వస్తాయి, అవి మీరున్న చోటికి అందుతాయా అని చూసి లెక్క వేసుకోండి. సొంత విమానం ఉన్నవాళ్ళకి మాత్రం నా మొదటి సలహా టైప్ క్లబ్, అంటే ఒకే మోడల్ విమానం ఉన్నవాళ్ళ క్లబ్బు. బొనాంజా అనే మోడల్ ఉంటే అమెరికన్ బొనాంజా సొసైటీ లాగా, చాలా మోడల్స్‌కి యజమానుల క్లబ్బులు ఉన్నాయి, వాళ్ళు వేసే మ్యాగజైన్ చూడ్డానికి సాదాగా ఉండొచ్చు కానీ ల్యాండింగ్ గేర్ మోటార్ ఎప్పుడు అరుగుతుంది, ఫ్యూయల్ ట్యాంక్ ఎక్కడ కారుతుంది, ఏ స్క్రూ దగ్గర తుప్పు పడుతుంది ఇలాంటి సంగతులు మరెక్కడా దొరకవు. విమానం కొనకముందే ఆ క్లబ్‌లో చేరి ఏడాది సంచికలు చదివితే ఇంకా మంచిది.

కట్టేముందు ఏడాదికి ఎన్ని సంచికలో చూడండి, ఏడాది చందా అంటే పన్నెండు అని అనుకోకండి, ఒకప్పుడు వారపత్రికగా ఉన్న ఫ్లైట్ ఇంటర్నేషనల్ కూడా 2020లో నెలకోసారికి మారింది. డిజిటల్ అయితే పాత సంచికలు కూడా ఇస్తారా, చందా ఆపేశాక అవి చదవనిస్తారా అడగండి, ఎందుకంటే పైలట్‌కి పాత సంచికలే అసలు ఆస్తి, స్టాల్ గురించి ముప్పై ఏళ్ళ కింద రాసింది ఈరోజుకీ అంతే నిజం. ఆటో రెన్యువల్ ఉంటే కట్టిన రోజే ఆఫ్ చేసేయండి, ఒకసారి నేను మర్చిపోయి చదవని మ్యాగజైన్‌కి రెండో ఏడాది కూడా కట్టాను, డబ్బు వెనక్కి రాలేదు. ప్రింటా డిజిటలా అంటే నేను సేఫ్టీ వ్యాసాలు కాగితం మీదే చదువుతాను, గీతలు గీయడం వల్ల గుర్తుంటుంది, వార్తలు ఫోన్లో చాలు.

ఒకసారి ఒకటే చందా మొదలుపెట్టండి. వచ్చిన ప్రతి సంచిక చివరి పేజీలో తేదీ వేసి, దీంట్లో ఏ వ్యాసం నా ఫ్లయింగ్‌లో ఏం మార్చింది అని ఒక్క లైన్ రాయండి, ఏమీ లేకపోతే ఏమీ లేదు అనే రాయండి. అనుమానం వచ్చిన టెక్నిక్‌ని ఒంటరిగా గాల్లో ప్రయత్నించకుండా ఆ పేజీ పట్టుకెళ్ళి ఇన్‌స్ట్రక్టర్‌కి చూపించండి, మీ విమానం మాన్యువల్ ఏం చెప్తుందో పక్కన పెట్టి చూడండి, రెండూ వేరైతే మాన్యువల్‌దే చివరి మాట. రెన్యువల్ నోటీసు వచ్చినప్పుడు ఆ లైన్లన్నీ ఒకసారి తిరగేయండి. పన్నెండు సంచికల్లో నాలుగైదు చోట్ల నిజంగా ఏదో రాసి ఉంటే నేను కట్టేస్తాను, ఒకటి రెండే ఉంటే ఆపేసి ఆ డబ్బుతో ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఇంకాస్త సేపు ఎగురుతాను.